గోడకవతలి తెలుగు

నా తలలో మాట్లాడేవాళ్ళందరూ తెలుగువాళ్ళే. ఈ సంగతి చెప్పినప్పుడు డాక్టరు నవ్వకుండా రాసుకున్నాడు. వాళ్ళలో ఒక పెద్దాయన ఉండేవాడు. నాకంటే ముందే లేచి, నేను కళ్ళు తెరవగానే తిట్లు మొదలుపెట్టేవాడు. పత్తి తీసే ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉండేవారు. నేను నడుస్తుంటే వెనకాలే వస్తూ నా నడక గురించి, నా చీర గురించి ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకునేవారు. విరుదునగర్ స్టేషను బయటా, బస్టాండు అరుగుల మీదా, మిరపకాయల గోదాముల గోడల పక్కనా నేను పడుకున్న ఏళ్ళన్నీ వాళ్ళు నన్ను విడిచిపెట్టలేదు. తోడబుట్టినవాళ్ళు కూడా అంత కనిపెట్టుకుని ఉండరు.

ఒకరోజు ఒక వ్యాను వచ్చింది. అందులోంచి దిగిన అమ్మాయిలు ముందు టీ ఇప్పించి, తర్వాత పేరు అడిగారు. పేరు చెప్పలేదు, టీ మాత్రం తాగాను. కొన్ని నెలలు ఆస్పత్రిలో ఉంచి, మాత్రలు ఒంటికి పడ్డాక, కోవిల్‌పట్టిలో ఒక ఇంటికి తీసుకొచ్చారు. అది ఆస్పత్రి కాదు, ఆశ్రమం కాదు, అందరూ ఉండేలాంటి అద్దె ఇల్లే. నాలాగే తల చెడి, వీధుల్లో తిరిగి, వెనక్కి పోవడానికి చోటు లేని ఆడవాళ్ళం ఐదుగురం అందులో ఉంటాం. మాకు తోడుగా ఒకామె రాత్రింబగళ్ళు ఉంటుంది. అంతకుముందు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి, ఓపిక ఎక్కువ. మాత్రలు ఆమె చేతి మీదుగానే మింగాలి. వారానికోసారి ఆఫీసు నుంచి మేడం వచ్చి చూసిపోతుంది. వంట వంతులేసుకుని మేమే చేసుకుంటాం. తాళంచెవి మా దగ్గరే ఉంటుంది. ఎన్నాళ్ళు ఉంటావని ఎవరూ అడగరు.

ఇల్లు దొరికింది కదా అని మనిషి వెంటనే ఇంట్లో మనిషి అయిపోడు. నా గదిలో ఉండే పెద్దామె ఇప్పటికీ చెప్పులు తలకింద పెట్టుకునే పడుకుంటుంది. వీధిలో పడుకునేవాళ్ళకు మొదట పోయేవి చెప్పులే. నేను మంచం ఖాళీగా ఉంచి, గుమ్మం పక్కన నేలమీద పడుకునేదాన్ని. పక్క సందులో పల్లీల మిఠాయి చేస్తారు. తెల్లారేసరికి బెల్లం పాకం వాసన ఇంట్లోకి వచ్చేది. ఆ వాసనకు లేచి, ఎక్కడున్నానో గుర్తు తెచ్చుకోవడానికి కాసేపు పట్టేది.

మాత్రలు బాగానే పనిచేశాయి. మొదట ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. పెద్దాయన గొంతు రోజురోజుకూ సన్నబడి, ఒక పొద్దున ఇక వినిపించలేదు. ఎలా ఉందని డాక్టరు అడిగితే, పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాను, తమిళంలో. ఆయనకు ఆ సామెత తెలియదు. పాపం, మోతాదు పెంచాలేమోనని కంగారు పడ్డాడు.

నిజంగా కుదిరిందని నేను ఆయనకు చెప్పలేదు. కుదిరాక ఏమైందో కూడా చెప్పలేదు. మాది తమిళదేశంలో ఎన్నో తరాల కిందట స్థిరపడ్డ తెలుగు కుటుంబం. నల్లరేగడి సేద్యం, పత్తి, మిరప. గడప లోపల తెలుగు, గడప దాటితే తమిళం. ఆ తెలుగు చదవడం, రాయడం మా ఊళ్ళో ఎవరికీ రాదు. చిన్నప్పుడు కొన్నేళ్ళు నెల్లూరు దగ్గర మేనత్త ఇంట్లో ఉండి బడికి పోవడం వల్ల నాకు వచ్చింది. అయితే మాట్లాడటానికి ఇల్లు కావాలి. ఇల్లు పోయాక నాతో తెలుగు మాట్లాడింది నా తలలోని వాళ్ళే. వాళ్ళూ వెళ్ళిపోయేసరికి, తిట్టడానికైనా తెలుగులో ఒక మనిషి మిగలలేదు. జబ్బు నయమైనందుకు ఏడ్చిన మనిషిని మీరు చూసి ఉండరు. నేను ఏడ్చాను. ఒకటి రెండుసార్లు మాత్ర నాలుక కింద దాచాను కూడా. తోడు ఉండే ఆమె కనిపెట్టి, కోప్పడకుండా, మళ్ళీ మంచినీళ్ళు ఇచ్చి నిలబడింది. నాకు కావలసింది ఒక్కటే: నాతో తెలుగులో మాట్లాడే ఒక్క మనిషి, అదీ నా తల బయట.

మేడం ఒకసారి మా ఇంటివాళ్ళను వెతికి పట్టుకుంది. పుదూరు అవతల మా ఊరు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఫోను అందరికీ వినబడేలా పెట్టి మా అన్నతో మాట్లాడింది. అన్న తమిళంలో మర్యాదగానే మాట్లాడాడు. బాగా చూసుకుంటున్నారు కదా, అక్కడే ఉండనివ్వండి, ఇంట్లో పెళ్ళికెదిగిన ఆడపిల్లలున్నారు, మా పేరు ఎక్కడా రాకుండా చూడండి అన్నాడు. ఆయన్ను తప్పుపట్టను. పిచ్చి అత్త ఉన్న ఇంటికి మా వాళ్ళలో సంబంధాలు రావు. అంతలో ఫోనులో వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఎవురురా అది?"

"ఎవురూ లేదులే" అని అన్న ఫోను పెట్టేశాడు.

మేడంకు తెలుగు రాదు. వెనకాల ఎవరని అడిగింది. తెలియదన్నాను. ఆ రోజు నుంచి ఇంటిపేరు నా నోట రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను. ఒట్టులో కోపం ఎంతో, ఆ పిల్లల మీద జాలి ఎంతో నాకే తెలియదు.

మా ఇంటి ఓనరమ్మ ప్రహరీగోడకు అవతలే ఉంటుంది. అరవై దాటిన మనిషి, భర్త పోయాడు, కొడుకు కోయంబత్తూరులో ఉద్యోగం. ఆ వీధిలో మాకు ఇల్లివ్వనని అందరూ అంటే ఆమె ఒక్కతే ఇచ్చిందట. మాతో మాట్లాడితే తమిళంలోనే, వాంగ, పోంగ అని, రండి, పొండి అన్నట్టు, మర్యాదగా. మర్యాదంటే ఏమిటో వీధిలో ఉండి వచ్చినవాళ్ళకు బాగా తెలుసు. చీదరించుకోకుండా దూరంగా ఉంచడం కూడా మర్యాదే.

ఒకరోజు బట్టలు ఆరేస్తుంటే గోడకవతల నుంచి, వడియాల మీద వాలిన కాకిని ఆమె తిట్టడం వినిపించింది. "నీ కడుపు మండా, నీకేనా మే నేను ఇంత ఎండలో చేసింది" అంటోంది. అచ్చం మా ఊరి తెలుగు, మా ఊరి దీర్ఘం. తల లోపలో బయటో తేల్చుకోవడానికి చెవులు రెండూ మూసుకుని చూశాను. మూస్తే ఆగింది, తీస్తే వినిపించింది. బయటే.

ఆ తర్వాత చాలాకాలం నేను చేసిన పని గోడ దగ్గర బట్టలు ఆరేయడమే. మా ఐదుగురివీ నేనే ఉతికేదాన్ని. తోడు ఉండే ఆమె నాకు ఓపిక వచ్చిందని మేడంతో గొప్పగా చెప్పింది. ఓనరమ్మ ఫోనులో చెల్లెలితో మాట్లాడుతుంటే, పాలవాడి మీద విసుక్కుంటుంటే, ఒంటరిగా గొణుక్కుంటుంటే నేను తడిబట్ట చేతిలో పట్టుకుని నిలబడేదాన్ని. మాట నోటిదాకా వచ్చేది. మాట్లాడితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు. తమిళదేశంలో తెలుగువాళ్ళు ఇద్దరు ఎదురుపడితే బాగున్నావా అని అడగరు. యా ఊరు, ఇంటిపేరేంది అని అడుగుతారు. ఇంటిపేరు చెబితే వరస తేలుతుంది. ఒకే ఇంటిపేరైతే అన్నదమ్ముల వరస, వేరైతే మామా అత్తా వరస. వరస తేలకుండా మా వాళ్ళు మంచినీళ్ళు కూడా ఇవ్వరు. నా ఇంటిపేరు చెబితే, ఏదో పెళ్ళిలో ఆ మాట మా ఊరు చేరుతుంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు ఎప్పుడూ మంచిది కాదు. ఒక మధ్యాహ్నం ఆమె చేతిలోంచి సున్నపుడబ్బా జారి గోడకు ఇవతల, మా వైపు పడింది. తీసి అందిస్తూ, "ఇదో, తీసుకో వదినా" అనేశాను. ఎందుకు వదిన అన్నానో తెలియదు. పెద్దామెను చూస్తే అక్కా అనాలి, అమ్మా అనాలి. వదిన అని వచ్చింది.

ఆమె డబ్బా అందుకోవడం మరిచిపోయి నన్నే చూసింది.

"తెలుగా మే నువ్వు? ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకోనుంటివి? యా ఊరు మీది, ఇంటిపేరేంది?"

ఊరు పుదూరు దిక్కున అని ఊరుకున్నాను. ఇంటిపేరుకు మాత్రం ఊరుకుంటే కుదరదు. మా చిన్నప్పుడు మా వీధి చివర ఒక ఇల్లుండేది. ఆ ఇంటి ఆడవాళ్ళు పెద్దగా నవ్వేవారు, వాకిట్లో కూర్చుని తలలు దువ్వుకునేవారు. నాకు ఆ ఇంట్లో పుట్టాలని ఉండేది. వాళ్ళ ఇంటిపేరు చెప్పేశాను. ఇక్కడ రాయను.

ఆమె ముఖం విప్పారింది. అది ఆమె అత్తింటి పేరు. "అట్లయితే నువ్వు నాకు ఆడబిడ్డవి గదా. వరస తెలిసే పిలిచినావే" అని మురిసిపోయింది.

ఆ రోజు నుంచి నాకొక వదిన. వదినామరదళ్ళ మధ్య ఎగతాళికి హద్దుండదు కదా, ఆమె నన్ను వదిలేది కాదు. ఆడబిడ్డ అర్ధమొగుడని మా అమ్మ చెబితే నమ్మలేదు, ఇప్పుడు గోడ మీద నుంచి నా సంసారం కాపలా కాస్తుండావు, అనేది. నీ సంసారంలో కాకులు తప్ప ఎవరున్నారు వదినా అని నేనూ అనేదాన్ని. వండిన కూర గిన్నెలో పెట్టి గోడమీద ఉంచేది. ఉప్పెక్కువైందంటే కోపం వచ్చేది. నా మందుల గురించి ఒక్కసారే అడిగింది. మింగితే బాగుంటుందా అంది. బాగుంటుందన్నాను. అయితే మానొద్దు అంది. అప్పటి నుంచి సాయంత్రం మాత్ర వేళకు గోడ మీద నుంచి తొంగి చూసి, మింగినావా అని అడగడం ఆమె పని. నాలుక కింద దాచే అవసరం నాకు మళ్ళీ రాలేదు. నేను మంచం మీద పడుకోవడం మొదలుపెట్టింది కూడా ఆ రోజుల్లోనే.

ఆమె మామగారి తమ్ముడు కళుగుమలైలో పోయినప్పుడు పొద్దున్నే వచ్చి గోడ దగ్గర నుంచి పిలిచింది.

"మనకి తీట్టు మే. తలకి నీల్లు పోసుకో. నువ్వూ ఈ ఇంటి ఆడబిడ్డవే గదా, నీకు చెప్పకుండా వదిలేస్తే పాపం నాది."

తీట్టంటే మైల. ఒకే ఇంటిపేరువాళ్ళందరికీ అది తగులుతుంది. నేను ఎన్నడూ చూడని మనిషి కోసం తలమీద నీళ్ళు పోసుకున్నాను. దీపం పెట్టడం మానేశాను, గుడి వైపు పోలేదు. ఎవరో చచ్చిపోతే ఇంత సంతోషపడేవాళ్ళు ఉంటారా అని నాకే సిగ్గేసింది. ఏం చేయను, సంతోషంగానే ఉంది. మైల అంటాలన్నా మనిషికి ఎవరో ఉండాలి.

ఆ ఎండాకాలంలో పరీక్షల కోసం నన్ను విరుదునగర్ తీసుకెళ్ళారు. పని అయ్యాక బస్సుకు ఇంకా సమయం ఉందంటే, తోడు ఉండే ఆమెను స్టేషను దాకా నడిపించాను. నేను పడుకున్న చోట ఒక మనిషి గోనెపట్టా పరుచుకుని పడుకుని ఉన్నాడు. ఎదురుగా టీ కొట్టు అలాగే ఉంది. ఆ కొట్టతను నాకు ఏళ్ళ తరబడి మిగిలిన టీ పోసిన మనిషి. కొన్నిసార్లు నీళ్ళు కూడా చల్లి తరిమాడు. ఎదురుగా నిలబడి డబ్బిచ్చి టీ అడిగాను. గాజుగ్లాసులో ఇచ్చి, చక్కెర చాలా అమ్మా అన్నాడు. గుర్తుపట్టలేదు. గుర్తుపట్టకపోవడమే మంచిదని తోడు ఉండే ఆమె అంది. నిజమే. కానీ ఆ ఏళ్ళలో నన్ను రోజూ చూసిన మనిషి అతనొక్కడే. అతనికీ నేను లేనంటే ఆ ఏళ్ళు ఎవరివో అనిపించింది. ఇంటికి రాగానే గోడ దగ్గరికి పోయి ఊరికే వదినా అని పిలిచాను. ఏందే అంది. ఏం లేదన్నాను. అంతే, మనసు సర్దుకుంది.

వానలకు ముందు ఒక మధ్యాహ్నం ఆమె పట్టుచీర మార్చుకోకుండానే వచ్చి గోడ మీద మోచేతులు ఆనించి నిలబడింది. పుదూరు దిక్కు పోయి వచ్చానంది. చుట్టాల ఇంట్లో చెవులు కుట్టే వేడుకకు పోతే, అక్కడ పక్క ఊళ్ళో ఒక చావు, ఎలాగూ పోయినవాళ్ళం కదా అని పలకరించి వచ్చారట. ఏ ఊరని అడిగాను. చెప్పింది. మా ఊరు. ఎవరి ఇల్లని అడిగాను. ఇంటిపేరు చెప్పింది.

"మనకి తీట్టు లేదులే, వేరే ఇంటోళ్ళు. ముసిలామె పోయింది. ఒక కూతురు ఉండిందంట మే, బుద్ధి చెడి యాటికో పోయిందంట. చచ్చిపోయిందని వీళ్ళు ఎప్పుడో నీల్లు వదిలేసిరంట. ముసిలామె నమ్మలేదంట. ఫోను మోగితే చాలు, ఎవురురా అది, ఎవురురా అది అని అడిగేదంట."

ఆమె ఇంకా ఏదో చెప్పింది, వేడుకలో భోజనాల గురించి. నేను ఊఁ కొట్టాను. తర్వాత లోపలికి వెళ్ళిపోయాను.

గదిలో కూర్చుని లెక్కలు వేసుకోలేదు, ఏడవలేదు. ఒకే మాట తిరిగింది. చూడని మనిషి పోతే తలమీద నీళ్ళు పోసుకున్నాను. మా అమ్మ పోతే నాకు మైల లేదు. నేను నోరు మూసుకుంటే వదిన నాకు ఉంటుంది, సాయంత్రం గోడ దగ్గరికి వస్తుంది, మాత్ర మింగినావా అంటుంది. అమ్మ మాత్రం కూతురి నీళ్ళు లేకుండా పోతుంది. ఆ వేళ తల లోపల ఒక్కరైనా వచ్చి ఏదైనా చెప్పి ఉంటే బాగుండేది. ఎవరూ రాలేదు. మందులు అంత బాగా పనిచేస్తున్నాయి.

లేచి పెరట్లో కుళాయి దగ్గరికి పోయి, కట్టిన చీరతోనే కూర్చుని, బిందెతో నీళ్ళు తలమీద పోసుకున్నాను. బిందె చప్పుడుకు ఆమె గోడ దగ్గరికి వచ్చింది.

"ఈ ఎండపొద్దు తలకి పోసుకుంటా ఉండావేంది? మనకి తీట్టు లేదని చెప్తిని గదా."

"మీకు లేదు. నాకుండాది. ఆమె మా యమ్మ. ఆ బుద్ధి చెడిన కూతురు నేనే."

ఆమె ముఖంలో ఏముందో నాకు కనిపించలేదు, కళ్ళనిండా నీళ్ళు కారుతున్నాయి. గోడ మీద నుంచి ఆమె చేతులు తీసేయడం మాత్రం కనిపించింది. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

తడిబట్టలు మార్చుకుని గుమ్మం పక్కన, నా పాత చోట, నేలమీద కూర్చున్నాను. రేపటి నుంచి వాంగ, పోంగ అంటుంది అనుకున్నాను. తోడు ఉండే ఆమెకు, మా అమ్మ పోయిందట అని చెప్పాను. ఆమె నా వీపు నిమిరి, మేడంకు ఫోను చేసింది. నా గదిలోని పెద్దామె వచ్చి పక్కన కూర్చుంది. అన్నం పెడితే తినలేకపోయాను. గోడ వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. మాత్రల వేళ దాటింది. గోడ దగ్గరికి ఎవరూ రాలేదు. మాత్ర నేనే అడిగి మింగాను.

చీకటి పడుతుండగా వీధి తలుపు చప్పుడైంది. ఆమె ఎప్పుడూ గోడ మీద నుంచే తప్ప మా ఇంట్లో అడుగు పెట్టింది లేదు. ఆ రోజు వీధిలోంచి, గుమ్మంలోంచి వచ్చింది. చేతిలో మూతపెట్టిన గిన్నెలు రెండు. పట్టుచీర మార్చి పాత నూలుచీర కట్టుకుంది. ఎవరినీ పలకరించకుండా వచ్చి నా ఎదురుగా నేలమీద చతికిలబడింది. మా తట్ట, అంటే కంచం, ఒకటి తెమ్మని తోడు ఉండే ఆమెకు తమిళంలో చెప్పి, అన్నం పెట్టి, చారు పోసింది.

"అబద్ధం యాంటికి చెప్తివో ఇంకో పొద్దు అడుగుతాను. ఈ పొద్దు అడిగేది కాదు" అంది. తర్వాత తట్ట నా వైపు జరిపింది.

"నువ్వు మా ఇంటిదానివైతే నేనూ తీట్టులోనే ఉందును, వండి తెచ్చేదానికి లేదు. చావింటికి కూడు తెచ్చేది వేరే ఇంటోళ్ళే. మన ఇండ్లు వేరే. నేను తేవచ్చు. తిను మే."

అన్నం వేడిగా ఉంది. అప్పటిదాకా అమ్మ పోవడం ఏ ఊరి కబురో అన్నట్టే ఉంది. చెయ్యి పెట్టి కలిపాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే ఏడుపొచ్చింది. ఆమె ఆపమనలేదు. మా అమ్మ ఎలా ఉండేదో చెప్పమని అడిగింది, తెలుగులో.